మాథెరాన్‌లో పొగ లేదు సరే, చెమట సంగతేంటి?

మాథెరాన్ గురించి ఎవరు రాసినా ఒకటే మాట. మోటారు బండి లేదు, పొగ లేదు, హారన్ లేదు. నిజమే. దసరా సెలవుల్లో ముంబయి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చాం. కారు దస్తూరి నాకా దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఎర్రమట్టి దారి. ఆ దారిలో ఒక మనిషిని కూర్చోబెట్టి ముందు ఒకరు లాగుతుంటే వెనక ఇద్దరు నెడుతున్నారు. చేతిరిక్షా. 2025లో!

ఈ కొండను 1850లో ఠాణే కలెక్టర్ మ్యాలెట్ ‘కనిపెట్టాడ’ట. చుట్టూ ఉన్న ఠాకూర్, కాత్కరీ ఆదివాసులకు కళ్లు లేవు కాబోలు. దొరలు పోయారు. మనిషి మీద మనిషి ఎక్కే అలవాటు పోలేదు. 2003లో కేంద్రం దీన్ని పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించింది. అడవి ఉండాల్సిందే, ఆ మాట కాదనను. కానీ 1907 నుంచి నడుస్తున్న బొమ్మరైలుకు అడ్డురాని పర్యావరణం, రిక్షా లాగేవాడి దగ్గరకొచ్చేసరికి ఎందుకు అడ్డొచ్చింది? పొగ కాలుష్యమైంది, అరిగిపోయే మోకాళ్లు కాలేదు.

లాగేవాళ్ల కులమేంటని నేను అడగలేదు. అంత హాయిగా కూర్చోవడం ఎక్కడ నేర్చుకున్నారని కూర్చున్నవాళ్లను అడగాలి. క్లాసులో పల్లకీల వర్ణనలు చెప్తుంటాను నేను. మోసేవాడి భుజం మీద పరీక్షలో ఒక్క ప్రశ్నా రాదు.

ఈ-రిక్షాలు కావాలని అడిగింది రిక్షావాళ్లే. గుర్రాలవాళ్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2022లో సుప్రీంకోర్టు ప్రయోగానికి ఒప్పుకుంది. 2025 ఆగస్టు 6న జస్టిస్ గవాయ్ బెంచ్ చేతిరిక్షాలు ఆరు నెలల్లో ఆగాలంది. డబ్బు లేదన్న సాకు చెల్లదంది. ఈ-రిక్షాలను ప్రభుత్వమే కొని, లాగినవాళ్లకే అద్దెకివ్వాలంది. మహద్ చెరువు నీళ్ల కోసం 1927లో బాబాసాహెబ్ నడిచింది కూడా ఈ రాయగఢ్ జిల్లాలోనే. ఈ తీర్పు రావడానికి అక్కణ్నుంచి దాదాపు వందేళ్లు పట్టింది.

నా భయం ఒక్కటే. ఈ-రిక్షా తాళంచెవి ఎవరి చేతికి వెళ్తుంది? అసలు లాగినవాళ్లెవరో తేల్చే జాబితా ఒక కమిటీ చేతిలో ఉంది. ఇన్నాళ్లూ లాగినవాడు రేపు ఎవరో కాంట్రాక్టరు కింద రోజుకూలి డ్రైవరైతే, చక్రం మారినట్టే గానీ బతుకు మారినట్టు కాదు. కోర్టు ఇచ్చిన గడువు 2026 ఫిబ్రవరి వరకే. అటు వెళ్లే మిత్రులెవరైనా ఆ బండ్లు ఎవరి పేరున ఉన్నాయో అడిగి ఇక్కడ రాయండి. మీరు మాత్రం నడవండి. బజారు దాకా రెండున్నర కిలోమీటర్లే.