బల్లకొక న్యాయమా?

మొన్న మా అక్కయ్య మనుమడు రోబో పోటీలో ఆడుతున్నాడంటే, సెలవు చీటీ వ్రాసి చూడబోయినాము. పిల్లలు కట్టిన చిన్నయంత్రం బల్లమీద తనంతట తానే తిరిగి, ముక్కలను చెప్పినచోట చేర్చాలి. మావాడి ముక్క గీతమీద సగం, లోపల సగం నిలిచింది. రిఫరీగారు సున్న వేశారు. ప్రక్కబల్లమీద అచ్చం అలాగే నిలిచిన ముక్కకు పాయింట్లు పడ్డాయి! పిల్లవాడు ఏడవలేదుగాని మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

రిఫరీలను నిందించలేము. జీతం బత్తెం లేకుండా వచ్చిన కాలేజీ కుర్రవాళ్ళు. రూల్సు ఇద్దరూ చదివినారు; కలిసి కూర్చుని చదవలేదు, అంతే. మా ఆఫీసులో మాత్రం? ఒకే అర్జీకి ఈ గుమాస్తా ఒక జవాబు, ఆ గుమాస్తా వేరొకటి.

ముందునాడు రిఫరీలందరినీ ఒక్క బల్ల చుట్టూ చేర్చి, ముక్కను గీతపై అటూ ఇటూ జరుపుతూ 'దీనికెంత?' అని విడివిడిగా వ్రాయించాలి. తేడా వచ్చినచోటనే పాఠం మొదలు. ఫస్ట్ లెగో లీగ్ పోటీలలో ఆట రెండున్నర నిమిషాలే. సందేహం ఎటూ తేలకపోతే లాభం జట్టుకే ఇవ్వాలని అక్కడి నియమం. మంచిదే, కాని ఏది తేలని సందేహమో కూడ అన్ని బల్లల దగ్గరా ఒకటిగా ఉండాలి గదా! పిల్లలతో కలిసి లెక్క చూసుకునేవరకు రిఫరీ ముక్కలు కదపరాదు. మధ్యలో ప్రధాన రిఫరీ ఇచ్చిన తీర్పు తక్కిన బల్లలకు వెంటనే అందాలి.

వచ్చే ఏడు రిఫరీగా రమ్మని మమ్మల్నే అడిగినారు. ముందునాడు అందరినీ కూర్చోబెడితే వస్తామని జాబు వ్రాసినాము.