తాత బండి... మనవడి స్వారీ

ఇంట్లో పెద్దవాళ్లు నడిపే బండి పిల్లలకూ కావాలి. ఎక్కడైనా అంతే. మన ఊళ్లలో అయితే మూడు చక్రాల సైకిలు కొనిస్తే పేచీ తీరిపోతుంది. మరి ఏటా నెలల తరబడి నేలంతా మంచు కప్పుకుని ఉండే అమెరికాలోని మిన్నెసోటా పిల్లల సంగతేమిటి? అక్కడి నాన్నలు తిరిగేది స్నోమొబైల్ మీద. ముందు చక్రాలకు బదులు రెండు స్కీలు. వెనక, యుద్ధట్యాంకుకు ఉండేలాంటి పట్టా... కాకపోతే రబ్బరుది. ఇంజిన్ ఆ పట్టాను తిప్పుతుంటే బండి మంచు మీద జారుకుంటూ దూసుకుపోతుంది.

‘నాకూ అలాంటిదే కావాలి’ అనే పిల్లల కోసమే ఆ రాష్ట్రంలోని థీఫ్ రివర్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో ఓ బుల్లి బండి పుట్టింది. ఆర్కిటిక్ క్యాట్ పేరుతో స్నోమొబైళ్లు తయారుచేసే కంపెనీ 1972 మోడల్‌గా దాన్ని తెచ్చింది. పేరు కిట్టీ క్యాట్... అంటే పిల్లికూన! 60 సీసీ ఇంజిన్, ఒకటే సిలిండరు. తాడు పట్టి లాగితే స్టార్టవుతుంది. గంటకు సుమారు 13 కిలోమీటర్లు దాటకుండా తయారుచేశారు. పిల్లాడు నడుపుతుంటే నాన్న పక్కనే పరుగెత్తి అందుకోగలిగే వేగం అది. మన దగ్గర లూనా మోపెడ్ వచ్చిందీ 1972లోనే. రెండూ టూ స్ట్రోక్ బండ్లే. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాల్సిందే.

1981లో ఆ కంపెనీ దివాలా తీసింది. కొన్నేళ్లకు తిరిగి లేచాక పిల్లికూననూ మళ్లీ తెచ్చింది. 1999 దాకా చేసి ఆపేసింది. యమహా కూడా 1980ల చివర్లో 80 సీసీ స్నోస్కూట్ తెచ్చినా కొద్దికాలానికే మానుకుంది. తర్వాత 120 సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లు వచ్చి వాటి చోటు తీసుకున్నాయి.

కానీ ఇనుము అంత తొందరగా పోదుగా! 1970ల్లో ఆ బండెక్కిన పిల్లాడు ఇప్పుడు తాతయ్యాడు. షెడ్డులో ఓ మూల దుమ్ము కొట్టుకుపోయిన పిల్లికూన మనవడి కంట పడింది. ‘తాతా, ఇది నడుస్తుందా?’ ఆ ఒక్క ప్రశ్నతో మొదలవుతుంది స్పేర్ పార్టుల వేట.

కొలతే చిరునామా

ముందుగా పాడయ్యేది ఇనుము కాదు, రబ్బరు. టూ స్ట్రోక్ ఇంజిన్లో పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్ పెట్టెలోంచే పైకి వెళ్తుంది. ఆ పెట్టెకు రెండువైపులా రబ్బరు సీళ్లుంటాయి. ఏళ్ల తరబడి పడి ఉంటే అవి ఎండి బిగిసిపోతాయి. సందుల్లోంచి గాలి లోపలికి చొరబడుతుంది. మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తగ్గుతుంది. వేడి పెరుగుతుంది. దాంతో పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. ‘స్టార్టయిందోచ్’ అని సంబరపడిన పావుగంటకే ఇంజిన్ మూలపడటానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే తెలిసినవాళ్లు తాడు లాగకముందే సీళ్లు మారుస్తారు. కార్బొరేటర్ విప్పి కడుగుతారు. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు పారబోసి, గట్టిపడ్డ పెట్రోలు పైపులు తీసేస్తారు.

కంపెనీ చేయడం మానేసిన బండికి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? ఇక్కడే ఓ కిటుకుంది. సీళ్లు, బేరింగులు, చెయిన్లలో చాలావరకు అందరూ వాడే కొలతల్లోనే ఉంటాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి రాసుకుంటే చాలు... మామూలు బేరింగుల దుకాణంలోనూ దొరికే అవకాశముంది. బండి పేరు చెబితే ‘లేదు’ అనే కొట్టువాడే కొలత చెబితే డబ్బా దించుతాడు.

చిక్కంతా ఆ బండికే ప్రత్యేకమైన వాటితో. రబ్బరు పట్టా, స్కీలు, ముందుభాగాన్ని కప్పే హుడ్. పగిలిన హుడ్‌ను ఫైబర్‌గ్లాస్‌తో అతుకుతారు. పట్టాకు పగుళ్లొస్తే మాత్రం అతుకులు పనికిరావు. కొత్తగా చేసినది కొనాలి, లేదా మరో పాత బండి వెతకాలి. పాడైన రెండు బండ్లు కొని బాగున్న ఒక్కటి చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఇలాంటివాళ్లకు మిన్నెసోటాలోని నార్త్ బ్రాంచ్‌లో ఏటా సెప్టెంబరులో జరిగే ‘హే డేస్’ పెద్ద తిరునాళ్ల. మంచు ఇంకా పడకముందే పచ్చగడ్డి మీద స్నోమొబైల్ పందేలు జరుగుతుంటాయి. ఆ పక్కనే పాత సామాన్ల సంత. అరిగిన నమూనా జేబులో వేసుకుని వరసలన్నీ తిరగడమే.

వేగం పెంచితే?

బండి నడిచింది. రెండు వారాలయ్యాక మనవడి మాట మారుతుంది. ‘ఇంకా స్పీడు పోదా?’ పోతుంది. పెద్ద కార్బొరేటర్ పెట్టొచ్చు, చెయిన్ తిప్పే పళ్లచక్రం మార్చొచ్చు, ఏకంగా పెద్ద ఇంజినే కూర్చోబెట్టొచ్చు. పిల్లల పందేల్లో ఇలా మార్చిన బండ్లకు విడిగా విభాగాలూ ఉన్నాయి. కానీ అక్కడ గిరి గీసిన ట్రాక్ ఉంటుంది, చుట్టూ పెద్దలుంటారు. పెరట్లో చెట్లుంటాయి, కంచె ఉంటుంది.

వేగం రెట్టింపైతే బండిని ఆపడానికి నాలుగింతల పని పడుతుంది. బ్రేకు మాత్రం పాతదే! పళ్లచక్రం ఒక్కటే మారిస్తే క్లచ్ జారి కాలిపోతుంది. మరో సంగతి. పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2000లో అసలు 16 ఏళ్లలోపు వాళ్లు స్నోమొబైల్ నడపనేకూడదని చెప్పింది. చెట్లనూ కంచెలనూ గుద్దుకుని తలకు దెబ్బలు తగిలించుకున్న పిల్లల్ని చూసే డాక్టర్ల మాట అది. బుల్లి బండి కదా అని కొట్టిపారేయాల్సింది కాదు.

ఆ మాట విన్నాక కూడా పిల్లాణ్ని ఎక్కించాలనుకునే ఇంట్లో ముందు చేయాల్సిన మార్పులు వేరే ఉన్నాయి. మొదటిది, పిల్లాడి కోటుకు తగిలించే తాడు. వాడు పడిపోతే ఆ తాడు ఊడి ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. పాత బండ్లన్నిట్లో ఇది ఉండదు. బిగించడం మాత్రం పెద్ద పని కాదు. రెండోది, బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్‌కు కొత్త కేబులు, గట్టి స్ప్రింగు. కేబుల్ తుప్పు పట్టినా, మంచు గడ్డకట్టినా యాక్సిలరేటర్ వెనక్కి రాదు. అప్పుడు భయపడిన పిల్లాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు! మూడోది, చెయిన్ మీద, క్లచ్ మీద మూతలు. మరమ్మతప్పుడు తీసి పక్కన పెట్టి మరిచిపోయేవి ఇవే. వేలాడే మఫ్లరు కొస అందులో చిక్కుకోకుండా కాపాడేవీ ఇవే. వెనకాల పొడుగాటి పుల్లకో ఎర్రజెండా కడితే మంచుదిబ్బ అవతలున్నా పిల్లాడి ఆచూకీ తెలుస్తుంది. తలకు సరిపోయే హెల్మెట్ సంగతి చెప్పనక్కర్లేదు.

మూడు నాలుగు చలికాలాలు గడిచేసరికి మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయి. పిల్లాడు ఎదిగిపోతాడు, బండి షెడ్డుకు చేరుతుంది. వెనకాల చెల్లెలు వరసలో నిలబడే ఉంటుంది. ‘స్పీడు పోదా’ అని తనూ అడుగుతుంది. తాత ‘పోదమ్మా’ అనేస్తే సరి.