పింగాణీ పన్ను... అడుగున సిమెంటు!

పల్చటి షిఫాన్ చీర కొనుక్కుంటే, దాని కిందికి ఏ రంగు లంగా అయితే బాగుంటుందో చూసుకుంటాం కదా! అదే చీర తెల్ల లంగా మీద ఒకలా, ముదురు రంగు లంగా మీద మరోలా కనిపిస్తుంది. ముందుపళ్ళకు వేయించుకునే పల్చటి పింగాణీ తొడుగుల సంగతీ అంతే. పింగాణీ రంగు ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, దాన్ని పంటికి అతికించే సిమెంటు రంగు కొంత పైకి తేలుతుంది.

పళ్ళమీద మరకలున్నవారు, నల్గొండ ప్రాంతంలోలా ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవారు వీటికోసం డాక్టర్లను అడుగుతుంటారు. 'వెనీర్' అనే ఈ పలక మందం సుమారు అర మిల్లీమీటరు. వెలుతురు అందులోంచి లోపలికి వెళ్ళి, అడుగునున్న సిమెంటునూ పంటినీ తాకి తిరిగొస్తుంది. అందుకే తెల్లటి సిమెంటు వాడితే పన్ను కాస్త తేటగా, పసుపు ఛాయది వాడితే కాస్త పచ్చగా కనిపిస్తుంది. అలాగని సిమెంటు అన్నిటినీ కప్పేస్తుందనుకోకండి. అది మరీ పల్చటి పొర. పన్ను బాగా నల్లబడి ఉంటే పింగాణీయే మందంగా ఉండాలి.

మరి అన్ని తొడుగులకూ ఈ బాధ ఉందా? లేదు. లోపల లోహం ఉన్న తొడుగులోంచి వెలుతురు దాటదు కాబట్టి అక్కడ సిమెంటు రంగుతో పనిలేదు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందమున్న పింగాణీలోనూ తేడా తక్కువే.

ఇంకో విషయం. కొన్ని సిమెంట్లు లైటు వేస్తే గట్టిపడతాయి. కొన్ని రెండు పదార్థాలు కలపగానే వాటంతటవే గట్టిపడతాయి. ఈ రెండో రకం కొన్నేళ్ళకు పసుపురంగుకు తిరిగే అవకాశం ఎక్కువ. పల్చటి వెనీర్లకు లైటుతో గట్టిపడేదే మేలంటారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

* రంగు ఎంపిక మొదట్లోనే జరగాలి. నోరు చాలాసేపు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి.

* లిప్‌స్టిక్ తుడుచుకుని వెళ్ళండి. కళ్ళు చెదిరే రంగు బట్టలు ఆరోజుకి వద్దు.

* అతికించే ముందు 'ట్రై-ఇన్ పేస్టు'తో పెట్టి చూపించమనండి. సిమెంటు రంగుల్లోనే దొరికే ఈ పేస్టు నీళ్ళతో కడిగేస్తే పోతుంది. అసలు సిమెంటు అచ్చంగా అలాగే ఉండకపోయినా, దాదాపు తెలిసిపోతుంది.

* ట్యూబులైటు కింద చూసి 'సరే' అనేయకండి. అద్దం పట్టుకుని కిటికీ దగ్గర, పగటి వెలుతురులో చూసుకోండి. ఇంట్లోవాళ్ళను వెంట తీసుకెళితే ఇంకా మంచిది.

* పెళ్ళికో, ఫంక్షనుకో అయితే నాలుగు రోజుల ముందు మొదలుపెట్టకండి. మార్పులకు వ్యవధి ఉండాలి.

ఇంత చెప్పడం ఎందుకంటే, సిమెంటు ఒకసారి గట్టిపడ్డాక రంగు మార్చడం కుదరదు. నచ్చకపోతే ఆ తొడుగును అరగదీసి తీసేసి, కొత్తది చేయించుకోవాలి. ఖర్చు సరే, అరగదీసిన పంటి ఎనామిల్ మళ్ళీ పెరగదు. కనుక 'డాక్టరుగారూ, అతికించే ముందు ఒకసారి చూపిస్తారా?' అని అడగడానికి మొహమాటపడకండి.