బడి బస్సు కెమెరాను ఆడించి చూడండి

తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి,

వేసవి సెలవుల్లో బడి బస్సులకు ఫిట్‌నెస్ పరీక్షలు చేస్తారు. కెమెరాలున్న బస్సుల్లో రికార్డింగును కూడా పరీక్షించమని మనవి.

మా వీధి పాప మెట్టు దిగుతుండగా బస్సు కదిలింది. కిందపడి మోచెయ్యి విరిగింది. బడికి వెళ్లి వీడియో అడిగాం. తెర మీద తేదీ 2000 జనవరి 1. ఏ రోజుదో తెలియని ఆ దృశ్యంలో డ్రైవరు భుజం, అద్దం మాత్రమే ఉన్నాయి. తలుపు లేనే లేదు! ఇక ఆ తల్లికి ఏం చెప్పగలం?

రికార్డరులోని చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ మొదటికి వచ్చేస్తుంది. సమయాన్ని జీపీఎస్‌తో కలిపితే ఆ తిప్పలు తప్పుతాయి. చవక మెమరీ కార్డు మన ఎండలకు, రోజూ చెరిపి రాసే పనికి తట్టుకోదు. ఇంజన్ ఆపగానే రికార్డరు ఆగేలా వైరింగు చేస్తే మరీ ప్రమాదం. వెనక సీట్లో నిద్రపోయిన పసివాడు లోపలే ఉండిపోతే చూసే కన్నే ఉండదు. కనీసం అరగంట నడిచేలా సెట్ చేయించాలి. రికార్డరుకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్పించడం సరేసరి, అవి పిల్లల ముఖాలు.

కెమెరా కొన్న బిల్లు చూసి టిక్కు పెట్టే పరీక్ష వద్దు. సెలవులకు ముందు బస్సు నడిచిన ఒక ఉదయం వీడియో తెరవమనండి. మెట్టు, తేదీ, సమయం స్పష్టంగా కనిపించాకే సంతకం చేసేలా మీ ఇన్‌స్పెక్టర్లకు ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక తండ్రి