శత్రువు బొమ్మ, పక్కింటి టోపీ

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పుడు మన పిల్లలకు వేసవి సెలవులు. టెంఘర్‌లోనైనా పద్మానగర్‌లోనైనా ఫోను వాళ్ల చేతుల్లోనే ఉంది. శాంతి మాటలు చెబుతూనే వెనక నుంచి ఉగ్రవాదులను ఉసిగొల్పే పొరుగుదేశాన్ని వెక్కిరించే బొమ్మలు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు పోయాయి. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని పొట్టన పెట్టుకున్నాక ఆ కోపం రాకుండా ఎలా ఉంటుంది? రెండు నాల్కల వాణ్ని ఎత్తిపొడవడమే వ్యంగ్య చిత్రం పని. దానితో మాకు పేచీ లేదు.

మా పేచీ ఇంకో రకం బొమ్మలతో. వాటిలో మంత్రీ ఉండడు, సైన్యాధిపతీ ఉండడు. ఒక టోపీ, ఒక గడ్డం, అంతే. ఆ టోపీ, ఆ గడ్డం భివండీలో మన పక్క సాంచా నడిపే మనిషికీ ఉన్నాయి. 1970లో, మళ్లీ 1984లో ఈ ఊరు ఎలా మండిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

ఇలాంటి బొమ్మలు ఫోనుతో పుట్టినవి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మన సిపాయిల కోసం బొమ్మల కరపత్రాలు అచ్చువేసి బర్మా సరిహద్దుల్లో పంచింది. తెల్లదొర తాను వెనక ఉండి భారత సిపాయిని చావుకు ముందుకు తోస్తున్నాడన్నది వాటి సారం. అందులో నిజం లేదనలేం. ఏ ప్రజల పాలన ఎలా ఉండాలో వాళ్లే ఎంచుకోవాలని 1941 ఆగస్టులో అట్లాంటిక్ ప్రకటన మీద ఒప్పుకున్న చర్చిల్, సెప్టెంబరు 9న పార్లమెంటులో ఆ మాట భారత్‌కు వర్తించదని తేల్చాడు. 1943లో బెంగాల్ కరవుకు లక్షల మంది బలయ్యారు. అయితే ఆసియా ఆసియావాళ్లదేనన్న ఆ జపానే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది. 1944 జనవరిలో అండమాన్‌లో గూఢచారులన్న అనుమానంతో 44 మంది భారతీయులను కాల్చి చంపింది. ఆ సంగతి ఏ కరపత్రంలో ఉంటుంది?

ఇంకో ఉదాహరణ ఉపాధ్యాయులకు బాగా పనికొస్తుంది. పిల్లల పుస్తకాల డాక్టర్ స్యూస్ యుద్ధకాలంలో న్యూయార్క్ పత్రిక 'పీఎం'కు రాజకీయ కార్టూన్లు వేశాడు. హిట్లర్‌నూ, సొంత దేశంలోని జాతి వివక్షనూ గట్టిగా ఎండగట్టినవాడే. అదే మనిషి 1942 ఫిబ్రవరి 13న అమెరికాలోని జపనీయులు వరసగా నిలబడి పేలుడు పదార్థాలు అందుకుంటున్నట్టు గీశాడు. అందరికీ అవే కళ్లజోళ్లు, అదే నవ్వు. ఆరు రోజులకు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు వచ్చింది. లక్షకు పైగా జపనీయ కుటుంబాలవారిని ఇళ్లు, కొట్లు వదిలించి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అక్కడే పుట్టిన పౌరులు. ఒక్క కార్టూన్ వల్లే ఆ ఉత్తర్వు వచ్చిందని మేము అనడం లేదు. అంతమందిని తరలిస్తుంటే జనం ఊరుకోవడానికి అలాంటి బొమ్మలు దారి వేశాయన్నది మా అభిప్రాయం.

ఇది మనకు దూరపు సంగతి అనుకోవద్దు. 1960లో బొంబాయిలో మొదలైన కార్టూన్ల వారపత్రిక 'మార్మిక్' దక్షిణాది ఉద్యోగుల పేర్ల జాబితాలు అచ్చువేసింది. ఆ తర్వాతి ఆందోళనల్లో నినాదం లుంగీ మీదే. మరాఠీ గడ్డ మీద తెలుగు బడి నడుపుకుంటున్న మనం, బట్టను చూసి మనిషిని లెక్కగడితే ఏమవుతుందో ఇంకొకరు చెబితే తెలుసుకోవాలా?

అందుకే బొమ్మను చదవడం కూడా పాఠం కావాలంటున్నాం. ఎనిమిదో తరగతిలో స్వాతంత్ర్యోద్యమం చెప్పేటప్పుడు ఒక పీరియడు దీనికి ఇస్తే సిలబస్ ఏమీ వెనకబడదు. బొమ్మ ఎవరు గీశారు, ఎవరి డబ్బుతో అచ్చయింది, గీసినవాడి సొంత దేశపు తప్పు అందులో ఎక్కడైనా ఉందా అని పిల్లలతోనే వెతికించాలి. చర్చిల్‌ను గీయడానికి చుట్ట, టోపీ చాలు; అవి ఆయన ఒక్కడి గుర్తులు. నమాజు టోపీ గానీ లుంగీ గానీ ఏ ఒక్కడి గుర్తూ కాదు. ఈ తేడా పట్టుకోవడానికి ఎనిమిదో తరగతి పిల్లలకు అరగంట పట్టదు.

తల్లిదండ్రులకు రాత్రి పాళీ దిగి వచ్చాక ఓపిక ఉండదని మాకు తెలుసు. అయినా ఫోనులో అలాంటి బొమ్మ కనిపిస్తే పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో ఉన్నది ఎవరు, ఏ పదవిలో ఉన్నాడు అని అడగండి. వాడు పేరు చెప్పలేకపోతే ఆ బొమ్మను అక్కడితో ఆపేయండి.