పసరు వాంతిని గ్యాసు అనుకోవద్దు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పొట్ట ఉబ్బితే మన గోదావరి జిల్లాల ఇళ్ళలో ముందుగా వినిపించే మాట "గ్యాసు పట్టింది" అని. బొడ్డు చుట్టూ ఇంగువ రాస్తారు, వస అరగదీసి నాకిస్తారు, గ్రైప్ వాటర్ పోస్తారు. ఇదంతా ప్రేమతో చేసేదే. కానీ నెల తక్కువ బిడ్డ విషయంలో ఈ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుందని చెప్పక తప్పదు.

ఇటువంటి బిడ్డ పేగులు ఇంకా లేతగా ఉంటాయి. పేగు గోడ వాచి, సూక్ష్మక్రిములు చొరబడి, కొంతభాగం కుళ్ళిపోవచ్చు. చిల్లు పడవచ్చు కూడా. ఈ జబ్బును డాక్టర్లు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్, పొట్టిగా 'నెక్' అంటారు. 32 వారాలకు ముందే పుట్టినవారిలో, 1500 గ్రాముల కంటే తక్కువ బరువున్నవారిలో ఇది ఎక్కువ. తరచుగా రెండు, మూడు వారాల వయసులో, "పాలు తాగుతున్నాడు, గండం గడిచింది" అని అందరూ అనుకునే సమయంలో వస్తుంది.

గమనించవలసిన గుర్తులు:

1. పొట్ట ఉబ్బి గట్టిపడటం, పొట్టపై చర్మం మెరుస్తూ ఉండటం లేదా రంగు మారటం.
2. పాలు ఇమడకపోవటం, ఆకుపచ్చని పసరు వాంతి.
3. విరేచనంలో రక్తం.
4. బిడ్డ మగతగా ఉండటం, ఒళ్ళు చల్లబడటం, ఊపిరి ఆగి ఆగి రావటం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగవద్దు. వార్డులో ఉంటే వెంటనే నర్సును పిలవండి. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయండి. పసరు వాంతి అయిన బిడ్డకు నోటి ద్వారా ఏమీ పోయవద్దు. త్వరగా గుర్తిస్తే కొన్ని రోజులు పాలు ఆపి, సెలైను, యాంటీబయాటిక్ మందులతో చాలామందిని ఆపరేషను లేకుండానే బాగుచేయవచ్చు. ఖర్చుకు జంకవద్దు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం ఉచితం.

ఈ జబ్బు రాకుండా కొంతవరకు కాపాడేది తల్లిపాలే. పూర్తిగా ఆపలేకపోయినా డబ్బా పాల కంటే తల్లిపాలతో ప్రమాదం బాగా తగ్గుతుంది. అయినా జరుగుతున్నదేమిటి? బిడ్డను కాకినాడకో, రాజమహేంద్రవరానికో తరలిస్తారు. బాలింత ప్రయాణం చేయకూడదని తల్లిని పుట్టింట్లో ఉంచేస్తారు. బిడ్డ ఒకచోట, పాలు ఒకచోట!

డాక్టరు సరేనంటే తల్లిని కూడా బిడ్డ వెంటే పంపాలన్నది మా గట్టి అభిప్రాయం. కాన్పయిన కొద్ది గంటల నుండే, రోజుకు ఎనిమిదిసార్లయినా పాలు పిండి ఇవ్వటం నర్సు నేర్పుతుంది. ఆ కొద్ది వారాలు ఆమె ఇల్లు, పెద్దపిల్లల భోజనం ఎవరు చూస్తారు? అత్తగారు, ఆడపడుచు, సంఘంలోని స్త్రీలు ఆ బాధ్యత పంచుకుంటే చాలు. చంటిబిడ్డకు మందు అందించినట్టే.