మార్గదర్శకాలు: సంతకం ఆసామిది, చెమట మనది



సర్కారు ఏ పథకం తెచ్చినా వెనకే ఓ జీవో వస్తుంది, జీవో వెనక మార్గదర్శకాలు వస్తాయి. ఏడాది తిరక్కముందే వాటికి సవరణలు వస్తాయి. పథకం పేరు మీద ఫ్లెక్సీలు కడతారు గానీ మార్గదర్శకాలు చదివేది ఆఫీసులో గుమస్తా, ఊళ్లో ఆసామి. వాడలో ఎవరూ చదవరు. అవి మనకోసం రాసినట్టు ఉండవు మరి. అందుకే చదవాలంటున్నాను. మన ఊసు ఎక్కడ లేదో, మన వాటా అక్కడే పోయి ఉంటుంది.

సాగుతో మొదలుపెడదాం. తెలంగాణలో 2025 జనవరి 26న రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఒకే రోజు మొదలయ్యాయి. రైతు భరోసా ఏడాదికి ఎకరానికి 12,000 రూపాయలు. ఆత్మీయ భరోసా భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 రూపాయలు, అదీ ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉంటేనే. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. భూమికి ఎకరాల లెక్క, మనిషికి ఇంటి లెక్క. పదెకరాల పట్టాదారుకు లెక్క ప్రకారం లక్షా ఇరవై వేలు. ఆయన పొలంలో కలుపు తీసే ఇంటికి పన్నెండు వేలు. ఆయన పట్నంలో కూర్చున్నా ఎన్ని రోజులు పొలం దిగావని అడగరు. ఆమెకు మాత్రం మస్టర్ రోల్ తిరగేస్తారు. అరెకరం ఉన్న మాదిగ ఇంటికి వచ్చేది ఆరు వేలు. భూమి ఉంది కాబట్టి కూలీ కింద లెక్కకు రాదు. ఇక కౌలుదారు అనే మనిషికి ఈ రెండింటిలోనూ చోటు లేదు.

ఆంధ్రాలో కౌలుదారు పేరైతే ఉంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు ఇస్తారు. కానీ ఆ కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆసామి భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు ఎక్కడ పోతుందోనని మన భయం. రెండు భయాల మధ్య కార్డు ఆగిపోతుంది.

ఇది ఒకరిద్దరి గోడు కాదు. 2011 జనగణనలో ఎస్సీలు దేశ జనాభాలో 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో సాగు విస్తీర్ణంలో మన చేతిలో ఉన్నది 9 శాతం లోపే. భూమి ఉన్నవాడినే రైతు అని రాసిన ప్రతి కాగితం ఈ తేడాను ఇంకోసారి ఖాయం చేస్తుంది.

పండించాక అమ్మకం. పత్తి సంగతి చూడండి. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో భూమి వివరాలు, ఆధార్ ఎక్కించి స్లాట్ తీసుకోవాలి. తేమ 12 శాతం దాటితే కొనరు. పత్తి ఆరబెట్టుకోను కల్లం లేనివాడు, స్లాట్ కోసం ఆసామి వెంట తిరగలేనివాడు చివరికి దళారీ కాంటా దగ్గరికే పోతాడు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులు అవి. మిల్లుల కోసం మార్గదర్శకం పది రోజుల్లో మారుతుంది. కౌలుదారు కోసం పదేళ్లయినా మారదు.

మందు కొట్టే చెయ్యి ఎవరిది? పురుగుమందుల నియమాలు 1971 నాటివి. రక్షణ దుస్తుల గురించి, మాస్కుల గురించి అందులో రాసి ఉంది. డబ్బా మీద ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం ఉంటాయి. డబ్బా కొనేది ఆసామి, పంపు మోసేది కూలీ. 2017లో మన ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడూ వినిపించిన మాట ఒకటే: జాగ్రత్తలు పాటించలేదట. రోజు కూలీకి పోయినవాడికి మాస్కు ఎవరు కొనివ్వాలి? ఆ ప్రశ్న అడగని మార్గదర్శకం చచ్చినవాడి మీదే తప్పు మోపుతుంది.

పొలం దాటి ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వచ్చినా అదే కథ. ప్రమాదకర రసాయనాల మీద 1989లో నియమాలు వచ్చాయి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పే బాధ్యత యాజమాన్యానిది అని వాటిలో స్పష్టంగా ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ లీకైంది. 12 మంది చనిపోయారు. సైరన్ ఉంది, మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. నియమం పుట్టి 31 ఏళ్లయినా అది గోడ అవతలి మనిషి దాకా రాలేదు.

ఇంటి సంగతీ చూద్దాం. ఎండ తట్టుకునేందుకు, కరెంటు ఆదా చేసేందుకు తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మంచి పనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి. అంతకు తక్కువైతే మీ ఇష్టం అన్నారు. ఎస్సీ కాలనీలో 600 గజాల ఇల్లు ఎక్కడుంది? మే నెలలో రేకుల కింద బాలింత, పసిబిడ్డ ఉడికిపోయే ఇంటికి దొరికింది ఆ ‘మీ ఇష్టం’ ఒక్కటే. ఏసీ ఉన్న ఇంటికి చట్టం, ఏసీ లేని ఇంటికి సలహా.

దీనికి అధికారుల జవాబు తెలుసు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది, కూలీకి రికార్డు ఉండదు, రికార్డు లేకుండా డబ్బులెలా ఇస్తాం అంటారు. పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. దొంగ పేర్లు ఎక్కే ప్రమాదం ఉంది. కానీ ఆత్మీయ భరోసాలో 20 రోజుల పనిని లెక్కపెట్టింది ఎవరు? ఈ సర్కారే. ఫలానా మనిషి ఫలానా రోజు తట్ట మోసిందని రాసుకోగలిగిన రాజ్యం, ఫలానా మనిషి ఫలానా చేను దున్నిందని రాసుకోలేదా? గ్రామసభలో నలుగురి ముందు అడిగితే తేలిపోదా? రాయడం చేతకాక కాదు. రాస్తే ఆసామికి కోపం వస్తుంది.

ఆ కోపానికి భయపడనివాడు బాబాసాహెబ్. 1937లో బొంబాయి శాసనసభలో ఖోతీ విధానం రద్దుకు బిల్లు పెట్టాడు. కొంకణంలో ఖోతుల కింద నలిగిన కౌలుదార్లలో మహార్లున్నారు, కుణబీలున్నారు. అందరి తరఫునా నిలబడ్డాడు. భూమి ప్రశ్నను ఆయన కులం ప్రశ్న నుంచి విడదీయలేదు. మనమూ విడదీయొద్దు.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెబుతాను. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ వాడకు సంబంధించిన ఒక్క మార్గదర్శకం ప్రింట్ తీసుకెళ్లండి. అరుగు మీద కూర్చుని అమ్మలకు, అయ్యలకు చదివి వినిపించండి. మూడు ప్రశ్నలు వేయండి. ఈ పని చేతులతో చేసేది ఎవరు? ఇందులో పేరున్నది ఎవరికి? సంతకం ఎవరిది కావాలి? మూడింటికీ జవాబు ఒకే మనిషి కాకపోతే అక్కడే దరఖాస్తు రాయండి. గ్రామసభలో తీర్మానం అడగండి, సమాచార హక్కు కింద అర్హుల జాబితా తీయించండి.

రాసేవాళ్ల బల్ల దగ్గర మనకు కుర్చీ వచ్చేదాకా, వాళ్లు రాసిన ప్రతి గీతనూ వాడలో నిలబెట్టి ప్రశ్నిద్దాం.

జై భీమ్.